ఏ వరసలో కూర్చున్నారు? ఒహాయో రోలర్ కోస్టర్ల మధ్య ఆరు రోజులు

జూలై 19, 2025, శనివారం: క్లీవ్‌లాండ్

వెస్ట్ సైడ్ మార్కెట్‌కి పొద్దున్నే చేరాలి. 1912 నాటి ఇటుకల భవనం, పక్కన గడియారపు బురుజు. శనివారం పది దాటితే లోపల భుజం భుజం రాసుకుంటూ నడవాల్సిందే. ఎయిర్‌పోర్టు నుంచి రెడ్ లైన్ రైలెక్కి వెస్ట్ 25వ వీధి స్టేషన్లో దిగితే నాలుగడుగుల దూరం. టికెట్టు రెండున్నర డాలర్లు.

తూర్పు ఐరోపా నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారాల్లో పనికి వచ్చిన వాళ్ల తిండే ఈ ఊరి తిండి. పియరోగీ చూడ్డానికి అచ్చం కజ్జికాయ. లోపల మెదిపిన బంగాళదుంప, చీజ్ ఉంటాయి. ముందు నీళ్లలో ఉడికించి, తర్వాత ఉల్లిపాయ ముక్కలతో వెన్నలో దోరగా వేయిస్తారు. శాకాహారులు రెండు మాటలు అడిగి తీసుకోవాలి: లోపల బేకన్ ఉందా, వేయించింది వెన్నలోనా పందికొవ్వులోనా అని. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు, ఓపిగ్గా చెబుతారు. మాంసం తినేవాళ్లకి పోలిష్ బాయ్ ఉంది: బన్నులో కీల్బాసా సాసేజ్, దాని మీదే ఫ్రెంచ్ ఫ్రైస్, ఆపైన క్యాబేజీ స్లా, బార్బెక్యూ సాస్. చొక్కా మీద పడకుండా తినాలంటే నిలబడి, మోచేతులు బల్ల మీద ఆనించి, ముందుకు వంగాలి. పక్కవాళ్లందరూ అలాగే తింటారు.

కౌంటర్ దగ్గర "ఇక్కడే తింటారా, తీసుకెళ్తారా?" అని అడుగుతారు. ఒహాయోలో ఈ ప్రశ్నకి పన్నుతో సంబంధం ఉంది. బయటికి పట్టుకెళ్లే తిండికి అమ్మకపు పన్ను లేదు, అక్కడే కూర్చుని తింటే ఉంది. క్లీవ్‌లాండ్ ఉన్న కౌంటీలో అది 8 శాతం. మెనూలో రాసిన ధరలో పన్ను కలిసి ఉండదు. కూర్చోబెట్టి వడ్డించే చోట దాని మీద టిప్పు 18 నుంచి 20 శాతం. ఈ రెండూ మనసులో వేసుకోకపోతే రోజు ఖర్చు లెక్క తప్పుతుంది.

సాయంత్రం ఊరి జట్టు కావలీర్స్ ఆడే బాస్కెట్‌బాల్ అరీనా వైపు నడిచాం. జూలైలో మ్యాచ్‌లుండవు, లోపల చూడటానికేమీ లేదు. చూడాల్సింది ఎదుటి ఆఫీసు భవనం గోడ. పది అంతస్తుల ఎత్తు, ఆ జట్టు తార లెబ్రాన్ జేమ్స్ బొమ్మ ఆ గోడ మీద ఉండేది. 2010లో మయామీకి వెళ్లిపోయినప్పుడు దించేశారు, 2014లో తిరిగొస్తే మళ్లీ కట్టారు, 2018లో లాస్ ఏంజెలెస్‌కి వెళ్లగానే మళ్లీ దించేశారు. మధ్యలో 2016 ఉంది. 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద ఫైనల్స్‌లో 3-1 వెనకబడి, వరసగా మూడు గెలిచి తెచ్చిన టైటిల్ అది. క్లీవ్‌లాండ్‌కి పెద్ద లీగుల్లో ఏ టైటిలైనా దక్కి అప్పటికి 52 ఏళ్లు. అంతకుముందుది 1964లో, అమెరికన్ ఫుట్‌బాల్‌లో. ఆ 1964 గుర్తుపెట్టుకోండి, మంగళవారం మళ్లీ వస్తుంది.

గోడ కింద బెంచీ మీద కావలీర్స్ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయనని, లెబ్రాన్ గొప్పా మైకేల్ జోర్డాన్ గొప్పా అని అడిగితే వెంటనే జవాబివ్వలేదు. "ఏ సంవత్సరం లెబ్రాన్?" అని ఎదురు ప్రశ్న వేశాడు. సోమవారం నుంచి కోస్టర్ల క్యూలలో ఇదే ప్రశ్న వేరే రూపంలో వినబడింది. ఫలానా కోస్టర్ బాగోలేదని ఎవరైనా అంటే పక్కవాళ్లు ముందు అడిగేది: "ఏ వరసలో కూర్చున్నారు?" మన దగ్గర కొత్తవాళ్లు కనబడితే ఏ వరస అవుతారో తేల్చుకున్నాకే మాట కలుపుతాం. ఇక్కడ తీర్పు చెప్పడానికి ముందు వరస తేల్చుకుంటారు. వాదనకి ఇంతకంటే న్యాయమైన మొదలు లేదు.

జూలై 20, ఆదివారం: రిచ్‌ఫీల్డ్, ఏక్రన్

క్లీవ్‌లాండ్‌కి దక్షిణంగా, ఏక్రన్ వెళ్లే దారిలో, రిచ్‌ఫీల్డ్ దగ్గర ఒక గడ్డి మైదానం ఉంది. నడుం దాకా గడ్డి, మీద పిట్టలు. 1989 మే 7న జోర్డాన్ కావలీర్స్ ఆటగాడు క్రెయిగ్ ఈలో మీదుగా గాల్లోకి లేచి, గడియారం సున్నాకి చేరే లోపు బంతి వేసింది ఇక్కడే. అప్పట్లో ఇక్కడ రిచ్‌ఫీల్డ్ కొలీజియం ఉండేది. 1999లో కూల్చేశారు, స్థలం ఇప్పుడు కయహోగా వ్యాలీ నేషనల్ పార్కులో భాగం. ఈ పార్కుకి ప్రవేశ రుసుము లేదు. పొడవు ప్యాంటు, మూసిన బూట్లు వేసుకోవాలి, గడ్డిలో పిడుదులుంటాయి.

ఆ ఏడాది కావలీర్స్ 57 మ్యాచ్‌లు గెలిచారు, జోర్డాన్ జట్టు షికాగో బుల్స్ 47. సీజన్లో రెండు జట్లూ ఆరుసార్లు తలపడితే ఆరూ క్లీవ్‌లాండ్‌వే. ఐదు మ్యాచ్‌ల మొదటి రౌండు ఐదో మ్యాచ్‌లో మూడు సెకన్లు మిగిలుండగా ఈలో బుట్టలో వేసి 100-99 చేశాడు. ఆ మూడు సెకన్లలో జోర్డాన్ 101-100 చేశాడు. ఆ రోజు అతని మొత్తం 44 పాయింట్లు. వీడియోలో ఈలో కింద పడిపోవడమే అందరూ చూస్తారు. అంతకు మూడు సెకన్ల ముందు మ్యాచ్ గెలిపించబోయింది అతనేనన్నది ఈ ఊళ్ల బయట ఎవరికీ గుర్తుండదు.

జోర్డాన్ వైపు వాళ్లు ఫైనల్స్ లెక్క చెబుతారు: ఆరు ఆడితే ఆరూ గెలిచాడు, లెబ్రాన్ పది ఆడి నాలుగే గెలిచాడు. ఈ లెక్కలో లోపం ఉంది. జోర్డాన్ 1985, 86, 87లో మొదటి రౌండులోనే ఓడిపోయాడు. మొదటి మెట్టు మీద ఓడిన వాడి లెక్క చెడకుండా, చివరి మెట్టు దాకా ఎక్కి ఓడిన వాడి లెక్క చెడిపోయే కొలబద్ద సరైంది కాదు. అలాగని లెబ్రాన్ వైపు వాళ్లు చూపే మొత్తం పాయింట్ల లెక్కా సరిపోదు. 2023 ఫిబ్రవరి 7న కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్ల రికార్డు దాటాడు, నిజమే. కానీ అది ఎన్నేళ్లు ఆడాడో కూడా కలిసిన కొలత. 17 సెకన్ల రైడ్‌నీ నాలుగు నిమిషాల రైడ్‌నీ పొడవుతో తూచినట్టుంటుంది.

లెబ్రాన్ పుట్టి పెరిగింది ఏక్రన్‌లో. మధ్యాహ్నం తిండి అక్కడే, 1934 నుంచి ఉన్న స్వెన్సన్స్‌లో. కారు దిగకూడదు. కారాపి పార్కింగ్ లైట్లు వేస్తే కుర్రాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి ఆర్డర్ తీసుకుంటారు. నడవరు, నిజంగానే పరుగెడతారు. తిండి తెచ్చి కిటికీ అద్దానికి ట్రే తగిలిస్తారు, కాబట్టి అద్దం పూర్తిగా దించకుండా కొంచెం పైకి ఉంచాలి. అయిపోయాక మళ్లీ లైట్లు వేస్తే ట్రే తీసుకెళ్తారు. గ్యాలీ బాయ్ అంటే రెండు పొరల బీఫ్ చీజ్‌బర్గర్, రెండు రకాల సాసులు, పైన పుల్లకి గుచ్చిన ఆలివ్. బీఫ్ తినని వాళ్లకి పొటాటో టీజర్స్ ఉన్నాయి, చీజ్, హాలపీన్యో మిరప కలిపిన బంగాళదుంప వేపుడు ఉండలు. కారం మన నాలుకకి తెలియదు గానీ వేడి మీద బాగుంటాయి.

సాయంత్రం, సీడార్ పాయింట్ వినోద పార్కు ఉన్న ఊరు శాండస్కీ చేరేటప్పుడు దారి తప్పాం. ఫోన్లోని మ్యాపు చూపింది సరస్సు ఒడ్డునే, ఇళ్ల మధ్యగా వెళ్లే పాత రోడ్డు. అదీ పార్కు దాకా వెళ్తుంది, కానీ ఇరుకు. పిల్లలు సైకిళ్ల మీద తిరుగుతుంటారు, వేగం బాగా తగ్గించాలి. పార్కుకి సరైన దారి నీళ్ల మీదుగా కట్టిన కాజ్‌వే. అది ఎక్కితే ఎదురుగా సరస్సు, దాని అంచున కోస్టర్లన్నీ ఒకే చూపులో పడతాయి. పొరపాటు దారిలో వస్తే ఆ దృశ్యం పోతుంది.

జూలై 21, సోమవారం: సీడార్ పాయింట్, మొదటి రోజు

1870లో స్నానాల రేవుగా మొదలైన చోటు ఇది. ఎరీ సరస్సులోకి చొచ్చుకెళ్లిన సన్నటి నేల, మూడు వైపులా నీళ్లు. ఈ భూగోళం తెలిస్తే రోజు ప్లాను దానంతటదే తెలుస్తుంది. పార్కు పొడవుగా, సన్నగా ఉంటుంది. జనం ముందు గేటు దగ్గర కనబడిన మొదటి కోస్టర్‌కే ఆగిపోతారు. అందుకని ముందు చివరికంటా నడవాలి. ఫ్రంటియర్‌టౌన్‌లో స్టీల్ వెంజెన్స్, మావరిక్ ఉంటాయి. గేటు తెరిచిన మొదటి గంటలో అవి రెండూ అయిపోతే, మధ్యాహ్నం ఎండలో ఒక్కోదానికీ గంటన్నర నిలబడే బాధ తప్పుతుంది.

టికెట్టు గేటు దగ్గర కొనకూడదు, ఆన్‌లైన్లో ముందుగా కొంటే తక్కువ. పార్కింగ్ వేరే. రెండు పార్కులు, మూడు రోజులు అనుకున్నప్పుడు సీజన్ పాస్‌తో పోల్చి లెక్క వేయాలి, పాస్‌లో పార్కింగ్ కలిసొస్తే చాలాసార్లు అదే చవక. క్యూ తప్పించే ఫాస్ట్ లేన్ పట్టీ ధర రోజుని బట్టి మారుతుంది, రద్దీ రోజుల్లో ప్రవేశ టికెట్టునే మించిపోతుంది. సోమవారం నుంచి గురువారం లోపు వెళ్తే దాని అవసరం లేదు. కూల్‌డ్రింక్ అమ్మే కౌంటర్లలో మంచినీళ్లు అడిగితే ఐసు వేసి కప్పు ఉచితంగా ఇస్తారు. బోర్డు మీద రాసి ఉండదు, అడగాలి.

స్టీల్ వెంజెన్స్ దగ్గర ఎక్కువ సేపు ఆగుదాం, ఎందుకంటే ఆగాల్సిన చోటు అదే. ఇక్కడ 1991 నుంచి మీన్ స్ట్రీక్ అనే చెక్క కోస్టర్ ఉండేది. కుదుపులకి పేరుపడి 2016లో మూతపడింది. రాకీ మౌంటెన్ కన్‌స్ట్రక్షన్ వాళ్లు ఆ చెక్క కట్టడాన్ని చాలావరకు ఉంచేసి, పైన ఉక్కు పట్టాలు వేశారు. 2018లో ఇది తెరుచుకుంది: 205 అడుగుల ఎత్తు, నిట్టనిలువు దిగుడు, గంటకి 74 మైళ్లు, 5,740 అడుగుల పొడవు, నాలుగు చోట్ల తలకిందులు. చెక్క పట్టా ఎండకీ వానకీ ఉబ్బి, కుంగి, చక్రాల బరువుకి అరిగి కుదుపు మొదలవుతుంది. ఉక్కు పట్టా చేసిన వంపులోనే నిలుస్తుంది. చెక్కతో సాధ్యం కాని మెలికలు దీనితో వేయగలిగారంటే కారణం అదే.

ఎయిర్‌టైమ్ అంటే శరీరం సీటు నుంచి లేచే క్షణాలు. కొండ శిఖరం మీద ట్రెయిన్ ఒంపు తిరిగి కిందికి వెళ్లిపోతుంటే, మన శరీరం అదే దారిలో పైకి పోవాలని చూస్తుంది. తొడల మీదున్న ల్యాప్ బార్ ఆపుతుంది. ఈ ఒక్క కోస్టర్లో అలాంటి క్షణాలన్నీ కలిపితే 27.2 సెకన్లని నిర్మాతల లెక్క.

ఇక వరస సంగతి. ట్రెయిన్ పెట్టెలన్నీ ఒకదానికొకటి కట్టి ఉంటాయి, అన్నిటిదీ ఒకే వేగం. మొదటి పెట్టె శిఖరం దాటి కిందికి వంగినా, వెనక బరువు ఇంకా పైకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకని ముందు వరస వాళ్లు అంచున కాసేపు వేలాడతారు. సగానికి పైగా బరువు దాటాక ట్రెయిన్ పరుగందుకుంటుంది. చివరి వరస శిఖరానికి వచ్చేసరికి ఆ పరుగు ముదిరి ఉంటుంది, కాబట్టి వాళ్లని జుట్టు పట్టి లాగినట్టు కిందికి లాగేస్తుంది. తర్వాతి కొండల మీద ముందు వరసకి ఎక్కేటప్పుడే తేలిక తెలుస్తుంది, వెనక వరసకి దిగేటప్పుడు. ఒకే కోస్టర్, రెండు వేరు రైడ్లు. మొదటిసారి ముందు వరస, రెండోసారి చివరి వరస, అదీ సాయంత్రం. పగలంతా తిరిగి చక్రాల బేరింగుల్లో గ్రీజు పల్చబడి ట్రెయిన్ బాగా జారుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పటి వేగానికీ సాయంత్రం వేగానికీ తేడా ఒంటికే తెలుస్తుంది.

ఎత్తు నిబంధన 52 అంగుళాలు. ప్రవేశం దగ్గర నమూనా సీటు ఉంటుంది. నడుము, తొడలు లావుగా ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా ముందే కూర్చుని చూసుకోవాలి. గంట నిలబడి పైకెళ్లాక బార్ పడకపోతే పనివాళ్లు దింపేస్తారు, వాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు. జేబులో వదులుగా ఏదీ ఉండకూడదు. ఎయిర్‌టైమ్‌లో జేబులోంచి ఎగిరిన ఫోను వెనక వరస వాళ్ల ముఖానికి రాయిలా తగులుతుంది.

మధ్యాహ్నం మిలీనియం ఫోర్స్. 2000లో తెరిచినప్పుడు 300 అడుగులు దాటిన మొదటి పూర్తి సర్క్యూట్ (మొదలైన చోటికే చుట్టి వచ్చే) కోస్టర్: ఎత్తు 310, దిగుడు 300, వేగం 93 మైళ్లు, పొడవు 6,595 అడుగులు. రాపిడి, గాలి ఏమీ లేకుండా 300 అడుగులు జారితే వచ్చే వేగం దాదాపు 95 మైళ్లు. అంటే రెండే మైళ్ల నష్టం. పైకి లాగడానికి చైన్ కాదు, ఉక్కు తాడు వాడతారు, అందుకే కొండ అంత చప్పుడు లేకుండా, అంత త్వరగా ఎక్కుతుంది. దీనికి ముందు వరస కోసం స్టేషన్లో వేరే క్యూ కడతారు. అది అదనంగా అరగంటైనా కట్టాల్సిందే, పక్కన సరస్సు, ఎదురుగా ఏమీ లేదు.

స్టీల్ వెంజెన్స్, మిలీనియం ఫోర్స్‌లలో ఏది గొప్ప అన్నది ఈ పార్కులో ఎడతెగని వాదన. ఒకటి వేగాన్ని నమ్ముకుంది, రెండోది ఎయిర్‌టైమ్‌ని. మా తీర్పు చివరి వరస స్టీల్ వెంజెన్స్ వైపు. మధ్య వరసల్లో కూర్చుని పోల్చితే మాత్రం ఈ తీర్పు నిలబడదు.

తిండికి తాజా బంగాళదుంపలు కోసి వేయించే ఫ్రైస్ దుకాణం వెతకండి. కెచప్ కాదు, సీసాలో ఉన్న మాల్ట్ వెనిగర్ చల్లుకోవాలి, ఇక్కడి పద్ధతి అదే. చీజ్ ఆన్ ఎ స్టిక్ అంటే పుల్లకి గుచ్చిన చీజ్ ముక్క, పిండిలో ముంచి బజ్జీలా వేయించింది. ఆగి తినాలి, లోపల చీజ్ నాలుక కాలుస్తుంది. రాత్రి ఊళ్లో టాఫ్ట్స్ డెయిరీ ఐస్‌క్రీమ్. 1900 నుంచి ఉంది, చిన్నదన్నా గిన్నె నిండా పెడతారు.

జూలై 22, మంగళవారం: సీడార్ పాయింట్, రెండో రోజు

క్యూలలో మర్యాద గురించి ఒక మాట. ఒకరు ముందు నిలబడి, మిగతా కుటుంబం తర్వాత వచ్చి కలవడం మన దగ్గర మామూలు. ఇక్కడ అది క్యూ దూకడం కింద లెక్క, పార్కు నుంచి బయటికి పంపించే తప్పు. అందరూ కలిసే క్యూలోకి వెళ్లాలి. బాత్రూమ్ పని ముందే చూసుకోవాలి.

పొద్దున టాప్ థ్రిల్ 2. 2003లో ఇదే చోట 420 అడుగుల టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్ ఉండేది, హైడ్రాలిక్ బలంతో నాలుగు సెకన్ల లోపు 120 మైళ్లకి వెళ్లేది. మొత్తం రైడ్ 17 సెకన్లు. 2021 ఆగస్టులో ట్రెయిన్ నుంచి ఊడిన లోహపు ముక్క క్యూలో ఉన్న ఒకామెకి తగిలి తీవ్ర గాయమవడంతో అది ఆగిపోయింది. తిరిగి 2024 మేలో కొత్త రూపంలో వచ్చి, పది రోజులు తిరక్కుండా మళ్లీ ఆగి, 2025లో నడిచింది. ఇప్పుడు విద్యుదయస్కాంతాలతో మూడుసార్లు తోస్తుంది: ముందుకి 74 మైళ్లు, వెనక్కి జారి 101, మళ్లీ ముందుకి 120. 120 మైళ్ల వేగం నష్టాలేమీ లేకపోతే 480 అడుగుల ఎత్తు దాకా మోయగలదు, దాటాల్సింది 420. ఆ అరవై అడుగుల మిగులునే గాలి, రాపిడి, చలి తినేస్తాయి. పాత డ్రాగ్‌స్టర్ అప్పుడప్పుడూ శిఖరం దాటలేక వెనక్కి జారేదంటే కారణం ఇదే. సరస్సు మీంచి గాలి గట్టిగా వీచే రోజు ఎత్తైనవన్నీ ఆపేస్తారు. మెరుపులు వస్తే అన్నీ ఆపేస్తారు. కాబట్టి ఎత్తైనవి పొద్దున ఎక్కేయాలి, మబ్బులు సాధారణంగా మధ్యాహ్నం కడతాయి.

కొత్తది సైరెన్స్ కర్స్, జూన్ 28నే తెరిచారు. 160 అడుగుల పైన పట్టా హఠాత్తుగా అయిపోతుంది, ట్రెయిన్ ఆగుతుంది. ట్రెయిన్ నిలబడ్డ పట్టా ముక్క మొత్తం కీలు మీద తిరిగి నిలువుగా కిందికి వంగి, కింది పట్టాతో కలుస్తుంది. తల కిందికి వేలాడుతూ ఆ కలయిక కోసం ఎదురుచూడాలి. పట్టాలు రెండూ కలిశాయని, గొళ్లెం పడిందని సెన్సర్లన్నీ ఒప్పుకుంటేనే బ్రేకు వదులుతుంది. ఒక్కటి ఒప్పుకోకపోయినా అక్కడే ఆగిపోతుంది. అలా ఆగడం చూసి కింద జనం పాడైందంటారు, నిజానికి అది సరిగ్గా పనిచేస్తున్నందుకే ఆగింది.

మాగ్నమ్ ఎక్స్ఎల్-200కి మా ఓటు ఎప్పుడూ ఉంటుంది. 205 అడుగులు, 72 మైళ్లు. 200 అడుగులు దాటిన తొలి పూర్తి సర్క్యూట్ కోస్టర్. తెరిచింది 1989 మే 6న, రిచ్‌ఫీల్డ్‌లో జోర్డాన్ షాట్‌కి సరిగ్గా ముందురోజు. గంటా గంటన్నర కారు దూరంలో, రెండు రోజుల్లో, ఉత్తర ఒహాయో ఒక కొత్త శిఖరమూ ఒక లోతూ చూసింది. ఈ కోస్టర్ కొండలు గుండ్రంగా ఉండవు, త్రికోణాల్లా ఉంటాయి. ఆ రోజుల్లో దీన్ని కట్టిన యారో డైనమిక్స్ కంపెనీ వాళ్లు పట్టాని అలా వంచేవారు. అందుకే తిరుగు దారిలోని చిన్న కొండల మీద తొడలకి బార్ గట్టిగా తగులుతుంది. మొదటి పెట్టెలో మూడో వరసని అభిమానులు విసిరేసే సీటు అంటారు. మోకాళ్లు, నడుము బాగోలేని వాళ్లు మధ్య పెట్టెల్లో కూర్చోవడం మంచిది.

జెమినై 1978ది, రెండు ట్రెయిన్లు పక్కపక్కన పోటీపడతాయి. పట్టాలు దగ్గరకొచ్చిన చోట అటు ట్రెయిన్ వాళ్లు చేతులు చాచి పిలుస్తారు. ముక్కూమొహం తెలియని వాళ్లు, ముసలీ ముతకా, ఒకే కేక. ఈ పార్కులో అత్యంత స్నేహంగా ఉండే చోటు ఇది, క్యూ పది నిమిషాలు కూడా ఉండదు.

బ్లూ స్ట్రీక్ ఇప్పుడున్న కోస్టర్లలో పాతది, 78 అడుగుల చెక్క కోస్టర్. పేరు శాండస్కీ హైస్కూలు ఆటల జట్లది. తెరిచిన ఏడాది 1964. 2016కి ముందు క్లీవ్‌లాండ్ చివరిసారి గెలిచిన ఏడాదిన మొదలై, ఆ 52 ఏళ్ల ఎదురుచూపంతా తిరుగుతూనే ఉంది.

నడవల పక్కన బంతి వేసే ఆటలుంటాయి. సంతల్లోనైనా పార్కుల్లోనైనా ఈ ఆట ఒకటే రకం: రింగు లీగు రింగులా ఉండదు. లీగులో రింగు నేల నుంచి 10 అడుగులు, అడ్డకొలత 18 అంగుళాలు, బంతి అడ్డకొలత 9.4 అంగుళాల దాకా. స్టాళ్లలో రింగు తరచుగా చిన్నది, కోడిగుడ్డు ఆకారంలో నొక్కింది, ఇంకా ఎత్తున పెట్టింది. బంతిలో గాలి ఎక్కువ. ముందు నుంచి చూస్తే నొక్కుడు కనబడదు, పక్కకి జరిగి చూడాలి. బంతి వంపే అసలు కీలకం. లీగు రింగుకైనా 30 డిగ్రీల కోణంలో బంతి దిగితే దానికి కనబడే సందు 9 అంగుళాలే, నేరుగా దూరదు. 45 డిగ్రీల్లో దిగితే 12.7 అంగుళాలు. స్టాల్ రింగుకి ఇంకా ఎత్తుగా, పైనుంచి దిగేలా వేయాలి, వేళ్లతో బంతిని వెనక్కి తిప్పి వదలాలి. బోర్డుకి కొట్టి వేద్దామనుకుంటే గాలి ఎక్కువున్న బంతి ఎగిరి బయటికి పోతుంది.

జూలై 23, బుధవారం: సిన్సినాటి

రోజంతా దారే. మొక్కజొన్న చేలు, సోయా చేలు. రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకి. చెప్పాల్సింది రాత్రి తిండి గురించే.

ఇక్కడ చిల్లీ అంటే మిరపకాయ కూర కాదు. దాల్చినచెక్క వాసన వచ్చే పల్చటి కైమా పులుసు, గ్రీసు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు గత శతాబ్దం ఇరవైల్లో మొదలుపెట్టింది. స్పఘెట్టీ మీద పోసి, పైన గుట్టగా తురిమిన చీజ్ వేస్తారు, అది త్రీ వే. ఉల్లిపాయగానీ బీన్స్‌గానీ కలిపితే ఫోర్ వే, రెండూ కలిపితే ఫైవ్ వే. స్కైలైన్‌లో మాంసం లేకుండా నల్ల చిక్కుళ్లు, అన్నంతో చేసేదీ ఉంది. ఫోర్కు చుట్టి తినకూడదు. ఫోర్కు అంచుతో కేకు కోసినట్టు అడుగుదాకా కోసి తీయాలి, అప్పుడే మూడు పొరలూ ఒకే ముద్దలో వస్తాయి. తిండి వచ్చేలోపు గిన్నెలో గుండ్రటి చిన్న బిస్కెట్లు పెడతారు. ఒక్కోదాని మీద ఒక చుక్క హాట్ సాస్ వేసుకుని నములుతూ కూర్చోవడం ఇక్కడి అలవాటు. కారం కావాలంటే దారి ఆ చుక్కే.

జూలై 24, గురువారం: కింగ్స్ ఐలండ్

మేసన్‌లో ఉన్న ఈ పార్కు 1972లో తెరిచింది. ముందు వీధి చివర ఐఫిల్ టవర్ నమూనా, అసలు దానిలో మూడో వంతు. పొద్దున ఓరియన్ (2020, 300 అడుగుల దిగుడు, 91 మైళ్లు), తర్వాత డైమండ్‌బ్యాక్, బాన్‌షీ. మిస్టిక్ టింబర్స్ 109 అడుగులే, అయినా 16 ఎయిర్‌టైమ్ కొండలు. ఎత్తు చూసి లెక్క కట్టేవాళ్లని ముందు దీని వెనక వరసలో కూర్చోబెట్టాలి.

మధ్యాహ్నం క్యూలో ముందు ఇండియానా నుంచి వచ్చిన పేసర్స్ చొక్కాల గుంపు, వెనక ఇద్దరు కావలీర్స్ అభిమానులు. ఈ ఏడాది వాళ్లందరికీ పచ్చి గాయమే. 64 మ్యాచ్‌లు గెలిచిన కావలీర్స్‌ని పేసర్స్ రెండో రౌండులో 4-1తో ఇంటికి పంపారు. ఆ పేసర్స్ జూన్ 22న ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో ఓక్లహోమా సిటీ చేతిలో 103-91తో ఓడారు, వాళ్ల టైరీస్ హాలిబర్టన్ మొదటి పావులోనే మడమ నరం తెగి కూలిపోయాడు. వాదన కావలీర్స్, పేసర్స్ ఆడిన రెండో మ్యాచ్ దగ్గర ఆగింది: హాలిబర్టన్ ఫ్రీ త్రో తప్పి, ఆ బంతిని తనే అందుకుని, 1.1 సెకన్లు మిగిలుండగా మూడు పాయింట్లు వేసి 120-119 చేశాడు. ఆ రోజు మా గార్లండ్, మోబ్లీ, హంటర్ లేరని వెనకవాళ్లు. ఏడో మ్యాచ్‌లో మావాడు లేడు కదా అని ముందువాళ్లు. ఎవరూ గొంతు పెంచలేదు. 64 గెలుపులూ నిజమే, ఆ ఒక్క షాటూ నిజమే. జట్టు పూర్తిగా ఉందా లేదా అన్నది ఆ మ్యాచ్ కూర్చున్న వరస. దాన్ని చెప్పకుండా స్కోరు మాత్రం చెబితే సగం నిజమే.

రాత్రి కోసం అట్టిపెట్టుకోవాల్సింది ది బీస్ట్. 1979 నుంచి ప్రపంచంలో అతి పొడవైన చెక్క కోస్టర్, 7,300 అడుగులకు పైనే, రైడ్ నాలుగు నిమిషాలకు పైనే. ఎత్తు ఈ రోజుల లెక్కలో ఏమీ కాదు, పెద్ద దిగుడు 141 అడుగులు, వేగం 65 మైళ్ల లోపు. దీన్ని పగలు ఎక్కి, మధ్యలో నెమ్మదిగా ఉందని, పాతదని పెదవి విరిచేవాళ్లు ఎందరో. 2022లో కొంత పట్టా మార్చి, మొదటి దిగుడుని 45 డిగ్రీల నుంచి 53కి నిటారు చేశారు, కుదుపు బాగా తగ్గింది. అయినా పగటి బీస్ట్ వేరు. పట్టా అడవిలోకి వెళ్తుంది, అక్కడ దీపాలు పెట్టలేదు.

పార్కు మూసే వేళకి క్యూలో ఉన్నవాళ్లందరినీ ఎక్కిస్తారు, కాబట్టి మూసేముందు పదిహేను, ఇరవై నిమిషాలకి వెళ్లి చేరాలి. కళ్లజోడుకి తాడు కట్టుకోవాలి. ఎత్తు 48 అంగుళాలుంటే పిల్లలూ రావచ్చు, కానీ చీకటికి భయపడేవాళ్లని మొదటిసారి పగలే ఎక్కించండి. వెనక వైపు వరసలు తీసుకోండి, కానీ చివరి వరస వద్దు. చెక్క కోస్టర్లో పెట్టె ఇరుసు మీద ఉన్న సీటు ఎక్కువ కొడుతుంది, ఇరుసుల మధ్యనున్న వరస మెత్తగా ఉంటుంది.

రెండో లిఫ్ట్ కొండ సుదీర్ఘంగా, నెమ్మదిగా ఎక్కుతుంది. చైన్ టకటక తప్ప మరో చప్పుడు లేదు. పగలు ఇక్కడే జనం విసుక్కుంటారు. రాత్రి ఇక్కడ ట్రెయిన్ మొత్తం మాటలు ఆపేస్తుంది, ముందు కూర్చున్న వాళ్ల తలలు కూడా కనబడవు. పైన ఎడమకి తిరిగి, పట్టా కిందికి వాలి, పైకప్పున్న చెక్క సొరంగంలోకి ఒకటిన్నర చుట్లు. చెక్క మీద చక్రాల మోత చెవుల్లో నిండిపోతుంది. బయటికొచ్చి బ్రేకుల మీద ఆగినప్పుడు వెనక పెట్టెలోంచి ఎవరో అరిచారు: "మీరు ఏ వరస?"

ముందు పెట్టె నుంచి జవాబొచ్చింది: "మొదటిది! మీరు?"

బ్రేకులు వదిలాయి, ట్రెయిన్ స్టేషన్లోకి జారింది. వాళ్లిద్దరూ దిగి, మెట్ల దగ్గర నిలబడి, రెండో లిఫ్ట్ తర్వాతి మలుపు గురించి చేతులతో గాల్లో గీతలు గీస్తూ మాట్లాడుకుంటున్నారు.